మనవాడే, మరి ఓటో?

“మనవాడు నిలబడితే మనవాళ్లంతా గుద్దేస్తారు.” ఎన్నికలొచ్చిన ప్రతిసారీ వినిపించే ఈ మాటకు 2012లో అమెరికాలో గట్టి పరీక్షే జరిగింది. ఆ ఏడాది రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి మిట్ రోమ్నీ. ఒక పెద్ద పార్టీ తరఫున ఆ పదవికి నిలబడ్డ తొలి మోర్మన్ ఆయనే. పేరుకు మోర్మన్ కాదు, బోస్టన్ ప్రాంతంలో ఏళ్ల తరబడి చర్చి బాధ్యతలు మోసిన మనిషి. ఓటేసి బయటికొస్తున్నవాళ్లను అడిగితే మోర్మన్లలో 78 శాతం రోమ్నీకి, 21 శాతం ఒబామాకు వేశామన్నారు.

మరి 2004లో, మోర్మన్ కాని, మెథడిస్ట్ అయిన జార్జ్ డబ్ల్యూ. బుష్‌కు ఇదే ఓటర్లు ఎంత వేశారో తెలుసా? 80 శాతం.

ఆ రెండు శాతాన్ని పట్టుకుని సొంతవాణ్ని చిన్నచూపు చూశారనడం అన్యాయం. సర్వేల్లో ఆ మాత్రం తేడా మామూలే. కానీ సొంత మతంవాడన్నందుకు కొత్తగా పోగైన ఓట్లేవీ కనిపించవన్నది మాత్రం నిజం. రిపబ్లికన్‌కు ఎలాగూ పదింట ఎనిమిది ఓట్లు పడేచోట ఇంకా పెరగడానికి చోటెక్కడుంది? మోర్మన్ ఓటును అర్థం చేసుకోవాలంటే మతానికంటే ముందు పార్టీని చూడాలి. మతం పనిచేసే చోట్లు లేకపోలేదు. అవెక్కడో చూడటమే అసలు ఆసక్తికరమైన సంగతి.

ఎవరు వీళ్లు?

జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన చర్చి ఇది. తెలుగులో వాళ్లు రాసుకునే పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. అమెరికా జనాభాలో నూటికి ఇద్దరు. యూటా రాష్ట్రంలో మాత్రం సగానికి అటూ ఇటూగా ఉంటారు. పక్కనున్న ఐడహో, నెవాడా, ఆరిజోనాల్లోనూ బలం ఎక్కువే. మద్యం, సిగరెట్టు, కాఫీ, టీ ముట్టరు. సంపాదనలో పదోవంతు చర్చికిస్తారు.

ఓటు సంగతికి అక్కరకొచ్చే విషయం ఇంకొకటుంది. ఆదివారం ఏ ‘వార్డు’కు వెళ్లాలో ఇంటి అడ్రసే నిర్ణయిస్తుంది. ప్రసంగం నచ్చిందని పక్క పేట చర్చికి మారే అలవాటు లేదు. కాబట్టి ఎదుటి పార్టీకి వేసే పొరుగింటాయనతో కలిసి ప్రతి వారం ఒకే హాల్లో కూర్చోవాల్సిందే. ఇలాంటి కొన్ని వార్డులు కలిస్తే ఒక ‘స్టేక్’. మన దేశంలో మొట్టమొదటి స్టేక్ ఏర్పడింది హైదరాబాద్‌లోనే, రోమ్నీ పోటీ చేసిన ఆ 2012లోనే.

సొంతవాడే, కానీ నచ్చడు

మోర్మన్ రాజకీయ నాయకుల్లో అందరికంటే పెద్ద పదవికి ఎక్కిన మనిషి ఎవరంటే చాలామంది రోమ్నీ పేరే చెబుతారు. నిజానికి 2007 నుంచి 2015 దాకా సెనేట్‌లో మెజారిటీ నాయకుడిగా ఉన్నది నెవాడాకు చెందిన హ్యారీ రీడ్. పెద్దయ్యాక మోర్మన్ మతం పుచ్చుకుని కడదాకా నిష్ఠగా ఉన్నవారు. కాకపోతే డెమొక్రాట్. ప్యూ సంస్థ 2012 మొదట్లో మోర్మన్లపై వెలువరించిన సర్వేలో రోమ్నీ అంటే మంచి అభిప్రాయం ఉందన్న ఓటర్లు 86 శాతం. రీడ్ విషయంలో ఆ మాట అన్నవాళ్లు 22 శాతమే. ఇద్దరిదీ ఒకే చర్చి, ఒకే గ్రంథం. తేడా అంతా పార్టీలోనే ఉంది.

యూటా యూనివర్సిటీలోనో, సాల్ట్ లేక్ వీధుల్లోనో కాకుండా మామూలు మోర్మన్ పేటల్లో డెమొక్రాట్లుగా బతికేవాళ్ల కష్టం ఇక్కడే ఉంది. మంచి మోర్మన్ డెమొక్రాట్ ఎలా అవుతాడన్న ప్రశ్న వాళ్లకు సొంత వార్డులోనే ఎదురవుతుంది. రీడ్ దానికి జీవితాంతం ఓపిగ్గా జవాబు చెబుతూనే వచ్చారు. ఆ ఓపిక నాకు గొప్పగా తోస్తుంది.

మతం గెలిపించిన చోట

ఒకే పార్టీలో నలుగురు నిలబడ్డప్పుడు లెక్క మారిపోతుంది. 2008లో నెవాడాలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ కాకస్‌కు వచ్చినవాళ్లలో నాలుగోవంతు దాకా మోర్మన్లే. రాష్ట్ర జనాభాలో వాళ్ల వాటా చూస్తే అది చాలా ఎక్కువ. పిలిస్తే కదిలొచ్చే క్రమశిక్షణ ఉన్న సమాజం మరి. వాళ్లలో పదింట తొమ్మిదికి పైగా రోమ్నీకే వేశారు. ఆ కాకస్‌ను ఆయన సగానికి మించిన ఓట్లతో గెలిచారు. అదే ఏడాది యూటా ప్రైమరీలో ఆయనకు దాదాపు 90 శాతం. పార్టీ ఒకటే అయినప్పుడు, విధానాల్లోనూ పెద్ద తేడా లేనప్పుడు, ‘మనవాడు’ అన్న మాటకు విలువ వస్తుంది.

అయితే 2012లో రిపబ్లికన్ బరిలో మరో మోర్మన్ కూడా ఉన్నారు. యూటాకు గవర్నర్‌గా చేసిన జాన్ హంట్స్‌మన్. సొంత రాష్ట్రం సర్వేల్లోనే ఆయన రోమ్నీకి చాలా వెనకబడ్డారు. న్యూహాంప్‌షైర్‌లో మూడో స్థానం రాగానే తప్పుకున్నారు. రోమ్నీకి మతం ఒక్కటే కాదు, 2002 సాల్ట్ లేక్ వింటర్ ఒలింపిక్స్‌ను అప్పులపాలు కాకుండా ఒడ్డున పడేసిన పేరు కూడా ఉంది. యూటాలో ఆ కృతజ్ఞత ఎంత లోతైనదో బయటివాళ్లకు అర్థం కాదు.

ఇక నవంబరు ఫలితం: రోమ్నీకి యూటాలో దాదాపు 73 శాతం. అంతకుముందు ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కు వచ్చింది 62 శాతం కాబట్టి, ఆ తేడా అంతా మతం మహిమే అన్నవాళ్లున్నారు. కానీ 2004లో బుష్‌కు 71 దాటింది. 1984లో రోనాల్డ్ రీగన్‌కు 74 దాటింది. రీగన్ మోర్మన్ కాదు.

ఓటు వేయనివ్వని రోజు

1838 ఆగస్టు 6. మిస్సోరి రాష్ట్రంలోని గాలటిన్ అనే చిన్న ఊళ్లో పోలింగ్. కొత్తగా వచ్చి స్థిరపడుతున్న మోర్మన్లు ఓటెయ్యడానికి వస్తే ఊళ్లోవాళ్లు అడ్డుపడ్డారు. మాటా మాటా పెరిగి, చేతికందిన కర్రలతో కొట్టుకున్నారు. ఆ గొడవ చినికి చినికి గాలివానై, అక్టోబరు చివర్లో గవర్నర్ లిల్బర్న్ బాగ్స్ ఏకంగా మోర్మన్లను రాష్ట్రం నుంచి తరిమేయాలని, లేదంటే నిర్మూలించాలని ఉత్తర్వు ఇచ్చారు. చలికాలంలో వేలమంది పిల్లాపాపలతో ఇలినాయ్ వైపు నడిచారు. ఆ ఉత్తర్వును అధికారికంగా రద్దు చేసింది ఎప్పుడో తెలుసా? 1976లో.

ఇలినాయ్‌లో మిసిసిపీ ఒడ్డున నావూ అనే పట్టణం కట్టుకున్నాక మోర్మన్లు మూకుమ్మడిగా ఓటెయ్యడం మొదలుపెట్టారు. కొన్నాళ్లు రెండు పార్టీలూ వాళ్ల చుట్టూ తిరిగాయి. తర్వాత రెండూ భయపడ్డాయి. తమను కాపాడతారా అని అధ్యక్ష పదవి ఆశిస్తున్నవారికి జోసెఫ్ స్మిత్ ఉత్తరాలు రాశారు. సరైన జవాబు రాలేదు. దాంతో 1844లో తానే అభ్యర్థిగా దిగారు. ప్రభుత్వ భూములు అమ్మిన డబ్బు యజమానులకిచ్చి బానిసలను విడిపించాలన్నది ఆయన ప్రణాళికలో ఒక అంశం. జూన్ 27న కార్తేజ్ జైల్లో మూక ఆయన్ను కాల్చి చంపింది. మోర్మన్ అధ్యక్ష అభ్యర్థికి మోర్మన్లు వేయాల్సిన మొట్టమొదటి ఓటు పెట్టెదాకా రాలేదు.

ఈ చరిత్ర తెలియకుండా ‘గుంపుగా ఓటేస్తారు’ అని తేలిగ్గా అనేయడం తప్పు. వాళ్లకు గుంపు ఒకప్పుడు ప్రాణరక్షణ. ఆ గుంపే ప్రాణం మీదికి కూడా తెచ్చింది.

నేను మోర్మన్ కాదని ప్రమాణం

మోర్మన్లు పడమటికి తరలిపోయాక కూడా ఓటు చిక్కులు తీరలేదు. 1885లో ఐడహో ప్రాంతంలో ఓటెయ్యాలంటే, బహుభార్యాత్వాన్ని బోధించే సంఘంలో సభ్యుణ్ని కానని ప్రమాణం చేయాల్సి వచ్చింది. ఒక భార్యతో కాపురం చేసుకుంటున్న మోర్మన్‌కు కూడా ఓటు పోయింది. 1890లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం సరైనదేనంది.

కుడివైపువాళ్లు రిపబ్లికన్లు

యూటా రాష్ట్రం కాకముందు అక్కడ పార్టీలు రెండే. మోర్మన్లది పీపుల్స్ పార్టీ, మిగతావాళ్లది లిబరల్ పార్టీ. అంటే ఓటు పూర్తిగా మతం మీదే. ఇలా ఉంటే వాషింగ్టన్ రాష్ట్ర హోదా ఇవ్వదని తెలుసు. అందుకే 1891లో పీపుల్స్ పార్టీని రద్దు చేసి, డెమొక్రాట్లలో కొందరు, రిపబ్లికన్లలో కొందరు చేరండని చర్చి పెద్దలే ప్రోత్సహించారు. బహుభార్యాత్వం మీద కత్తిగట్టిన పార్టీ కాబట్టి రిపబ్లికన్లంటే జనానికి పడేది కాదు. ఒక బిషప్ ప్రార్థన అయ్యాక హాలు మధ్యలో నడవ చూపించి, ఇటువైపువాళ్లు రిపబ్లికన్లు, అటువైపువాళ్లు డెమొక్రాట్లు అని తేల్చేశాడన్న కథ యూటాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు జరిగిందో గానీ, పార్టీ పిచ్చి ముదిరిన ఈ రోజుల్లో అది వింటే ముచ్చటేస్తుంది.

భర్త మీద గెలిచిన డాక్టరమ్మ

అలా పంచుకున్న అయిదేళ్లకే ఒక అద్భుతం జరిగింది. 1896 నవంబరులో యూటా సెనేట్‌కు సాల్ట్ లేక్ ప్రాంతం నుంచి అయిదు స్థానాలు. డెమొక్రాట్ల జాబితాలో డాక్టర్ మార్తా హ్యూస్ కానన్. వేల్స్‌లో పుట్టి, పసితనంలో వలస వచ్చి, మిషిగన్ యూనివర్సిటీలో వైద్యం చదివిన మనిషి. రిపబ్లికన్ల జాబితాలో ఆంగస్ కానన్. ఆమె భర్త. ఆయనకు ఆమె నాలుగో భార్య.

ఆంగస్ మామూలు మనిషేం కాదు. సాల్ట్ లేక్ స్టేక్‌కు అధ్యక్షుడు. అంటే ఆ ఊరి మోర్మన్లందరికీ మతపరంగా పెద్ద దిక్కు. ఎవరైనా అయిదుగురికి వేయొచ్చు కాబట్టి ముఖాముఖి పోటీ అనలేం. కావాలంటే ఇద్దరికీ వేయొచ్చు. కానీ జనం డెమొక్రాట్లనే గెలిపించారు. మార్తా అమెరికాలో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైన మొదటి మహిళ అయ్యారు. ఆంగస్ ఓడిపోయారు. ఆదివారం ఎవరి బోధ తలవంచి వింటారో ఆయన్నే మంగళవారం ఇంటికి పంపించారు సాల్ట్ లేక్ మోర్మన్లు.

యూటా ఆడవాళ్లకు 1870లోనే ఓటు హక్కు ఉంది. 1887లో అమెరికా కాంగ్రెస్ దాన్ని లాగేసుకుంది. 1896లో రాష్ట్ర రాజ్యాంగం తిరిగి ఇచ్చింది. ఇచ్చిన ఏడాదే ఈ ఫలితం. సెనేటర్‌గా మార్తా రాష్ట్ర ఆరోగ్య మండలి ఏర్పాటుకు బిల్లు తెచ్చారు. 2024 డిసెంబరులో వాషింగ్టన్ క్యాపిటల్ భవనంలో ఆమె విగ్రహం నిలబెట్టారు.

ప్రవక్త వద్దన్నా...

మోర్మన్లకు చర్చి అధ్యక్షుడు ప్రవక్తతో సమానం కాదు, ప్రవక్తే. మరి ప్రవక్త చెబితే ఓటేస్తారా? 1930లలో యూటా ఇచ్చిన జవాబులు చూడండి.

1932: ముప్ఫయ్యేళ్లుగా సెనేటర్‌గా ఉన్న రీడ్ స్మూట్ ఓడిపోయారు. ఆయన చర్చిలో పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకరు. ఓడించింది ఎల్బర్ట్ థామస్, మోర్మనే అయిన ఒక ప్రొఫెసర్, డెమొక్రాట్.

1933: మద్యనిషేధం ఎత్తేయడానికి 36 రాష్ట్రాల ఆమోదం కావాలి. నిషేధం ఉండాలని ప్రవక్త హీబర్ గ్రాంట్ ప్రాధేయపడ్డారు. డిసెంబరు 5న ఆ ముప్ఫయ్యారో రాష్ట్రం అయ్యింది యూటాయే. మందు ముట్టని జనం అమెరికాకు మందు తిరిగి ఇప్పించారు.

1936: అధ్యక్షుడు రూజ్వెల్ట్ విధానాలంటే గ్రాంట్‌కు గిట్టదు. పోలింగ్‌కు ముందు చర్చి సొంత పత్రిక డెజరెట్ న్యూస్ మొదటి పేజీలోనే రూజ్వెల్ట్‌కు వ్యతిరేకంగా సంపాదకీయం వేసింది. యూటా రూజ్వెల్ట్‌కు 69 శాతం ఓట్లేసింది. కారణం వెతకనక్కర్లేదు. మాంద్యంలో పనులు పోయి, గనులు మూతపడి, పొలాలు తాకట్టులో ఉన్న జనం వాళ్లు. ప్రవక్త మీద భక్తి తగ్గలేదు. ఇంట్లో పొయ్యి వెలగడం కూడా ముఖ్యమే కదా.

చర్చి నేరుగా చెప్పిన మాట జనాన్ని కదిలించిన సందర్భాలు ఉన్నాయి. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా జరిగిన ప్రచారం అలాంటిదే. మోర్మన్ ఓటు మీద పుస్తకం రాసిన డేవిడ్ క్యాంబెల్, జాన్ గ్రీన్, క్విన్ మాన్సన్ కూడా చెప్పేదిదే. పెద్దలు అరుదుగా, ఒక్క గొంతుతో పలికినప్పుడు మాత్రమే ఆ కదలిక వస్తుంది. అభ్యర్థుల విషయంలో చర్చి ఇప్పుడు నోరు విప్పదు. ఎన్నికల ముందు వార్డుల్లో చదివే ఉత్తరంలోనూ ఓటెయ్యమనే ఉంటుంది, ఎవరికో ఉండదు.

యూదు గవర్నర్

1916లో యూటా తన మొదటి మోర్మనేతర గవర్నర్‌ను ఎన్నుకుంది: జర్మనీలో పుట్టిన యూదు, సైమన్ బాంబర్గర్. ఆ తర్వాత 1924లో జార్జ్ డెర్న్, 1948లో బ్రాకెన్ లీ. ఈ ఇద్దరూ మోర్మన్లు కారు. ఇద్దరూ పదవిలో ఉన్న మోర్మన్ గవర్నర్లను ఓడించి వచ్చినవారే.

1992లో ఇద్దరు

ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో మోర్మన్ మతంలో చేరిన మాజీ సైనికాధికారి బో గ్రిట్జ్ ఒక చిన్న పార్టీ తరఫున నిలబడ్డారు. యూటాలో 4 శాతం కూడా దాటలేదు. మోర్మన్ కాని టెక్సస్ వ్యాపారి రాస్ పెరోకు అక్కడే 27 శాతం! బిల్ క్లింటన్ మూడో స్థానానికి పడిపోయిన ఒకే ఒక్క రాష్ట్రం యూటా.

2016: పార్టీ చేదైనప్పుడు

ఒకే పార్టీలో పోటీ తర్వాత, మతం పనిచేసే రెండో సందర్భం ఇదే. సొంత పార్టీ అభ్యర్థిని మనసు ఒప్పుకోకపోతే? ఆ ఏడాది యూటా రిపబ్లికన్ కాకస్‌లో ట్రంప్‌కు వచ్చింది 14 శాతం, మూడో స్థానం. ఆగస్టులో, అంటే పోలింగ్‌కు మూడు నెలల ముందు, ప్రోవోలో పుట్టిన మోర్మన్, మాజీ సీఐఏ అధికారి ఎవన్ మెక్మలిన్ ఇండిపెండెంట్‌గా దిగారు. డబ్బు లేదు, పేరు లేదు. అక్టోబరులో ఆడవాళ్ల గురించి ట్రంప్ మాట్లాడిన పాత వీడియో బయటపడ్డాక డెజరెట్ న్యూస్ ఆయన్ను తప్పుకోమంది. ఎనభై ఏళ్లుగా అధ్యక్ష ఎన్నికల్లో తలదూర్చని పత్రిక అది. 1936లో తగిలిన దెబ్బ అంత గట్టిది.

మెక్మలిన్‌కు యూటాలో 21 శాతం దాటి వచ్చాయి. చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఉన్న ప్రోవో ప్రాంతంలో హిల్లరీని మూడో స్థానంలోకి నెట్టి రెండో స్థానంలో నిలిచారు. ఇది చిన్న సంగతి కాదు. డెమొక్రాట్‌కు వేయలేక, ట్రంప్‌కు వేయబుద్ధి కాక నలిగిపోతున్నవాళ్లకు తమలాంటివాడు ఒక దారి చూపించాడు. కానీ రాష్ట్రాన్ని గెలిచింది 45 శాతంతో ట్రంపే. అందరికంటే పేరున్న మోర్మన్ మిట్ రోమ్నీ కూడా మెక్మలిన్‌కు వేయలేదు. బ్యాలెట్ మీద భార్య యాన్ పేరు రాసి వచ్చానని తర్వాత చెప్పారు.

మెక్మలిన్‌కు వేశానని చెప్పిన ఒక పెద్ద మనిషి ఉన్నారు: యూటా సెనేటర్ మైక్ లీ. 2022లో అదే మెక్మలిన్ అదే లీ మీద పోటీకి దిగారు. డెమొక్రాట్లు తమ అభ్యర్థిని పెట్టకుండా ఆయనకే మద్దతిచ్చారు. ఇద్దరూ మోర్మన్లే, ఇద్దరూ చదివింది బ్రిగమ్ యంగ్‌లోనే. లీ 53 శాతంతో గెలిచారు.

ఒకే గ్రంథం, రెండు తీర్పులు

2020లో ట్రంప్ అభిశంసన విచారణలో సొంత పార్టీ అధ్యక్షుణ్ని దోషి అని ఓటేసిన తొలి సెనేటర్ రోమ్నీ. దేవుని ఎదుట చేసిన ప్రమాణమే తనను అలా వేయించిందన్నారు. మరుసటేడు యూటా పార్టీ మహాసభలో ఆయన లేచి మాట్లాడబోతే సొంత కార్యకర్తలే, అంటే ఎక్కువగా మోర్మన్లే, గోల చేశారు.

ఆరిజోనాలో రస్టీ బవర్స్ కథ నన్ను ఇంకా కదిలిస్తుంది. అప్పట్లో అక్కడి శాసనసభ స్పీకర్, నిష్ఠ గల మోర్మన్, ట్రంప్‌కు ఓటేసిన మనిషి. 2020 ఫలితాన్ని తిరగరాయమని ఒత్తిడి వస్తే కుదరదన్నారు. అమెరికా రాజ్యాంగం దైవప్రేరణతో పుట్టిందన్నది తన విశ్వాసంలో భాగమని 2022 జూన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పారు. ఆగస్టులో రాష్ట్ర సెనేట్ ప్రైమరీలో, మోర్మన్లు దట్టంగా ఉండే మెసా ప్రాంతంలోనే, ట్రంప్ మద్దతున్న డేవిడ్ ఫార్న్స్‌వర్త్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. ఫార్న్స్‌వర్త్ కూడా మోర్మనే. విశ్వాసమే బవర్స్‌తో ఆ పని చేయించింది. అదే విశ్వాసం ఉన్నవాళ్లు ఆయన్ను దించారు. ఆయన వైపే నా మనసు మొగ్గుతుంది.

అవతలివైపు అద్దం

మోర్మన్లు మోర్మన్లకు వేస్తారా అని అడిగేవాళ్లు తిరగేసి అడగడం మర్చిపోతారు. అర్హత ఉన్నా మోర్మన్‌కు వేయనని గాలప్ సర్వేలో 1967లో చెప్పినవాళ్లు 17 శాతం. మిట్ తండ్రి జార్జ్ రోమ్నీ అధ్యక్ష పదవికి ప్రయత్నిస్తున్న రోజులవి. కొడుకు పోటీ చేసిన 2012లో అదే ప్రశ్నకు 18 శాతం. నలభై అయిదేళ్లలో క్యాథలిక్కులు, యూదులు, నల్లవారు, ఆడవారి పట్ల ఇలాంటి విముఖత కరిగిపోతూ వచ్చింది. మోర్మన్ల విషయంలో మాత్రం కదల్లేదు.

694 ఓట్లు

2018లో యూటా నాలుగో కాంగ్రెస్ స్థానంలో డెమొక్రాట్ బెన్ మెక్ఆడమ్స్ 694 ఓట్ల తేడాతో గెలిచారు. ఓడింది హైతీ వలసదారుల కూతురు, కాంగ్రెస్‌లో మొదటి నల్లజాతి రిపబ్లికన్ మహిళ మియా లవ్. రెండేళ్లకు మెక్ఆడమ్స్‌ను మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు బర్జెస్ ఓవెన్స్ ఓడించారు. ముగ్గురూ మోర్మన్లే.

చేత్తో రాసిన పేరు

2023 జూన్‌లో చర్చి పెద్దల ఉత్తరం ఒకటి అమెరికాలోని వార్డులకు వెళ్లింది. ఆలోచించకుండా, అలవాటు కొద్దీ ఒకే పార్టీకి ఓటేస్తూ పోవడం ప్రజాస్వామ్యానికి ముప్పు అని అందులో ఉంది. 2024లో యూటా ట్రంప్‌కు 59 శాతం ఓట్లు ఇచ్చింది. అదే బ్యాలెట్ మీద గవర్నర్ స్పెన్సర్ కాక్స్‌కు, ఆయనా రిపబ్లికనే, 53 శాతమే వచ్చాయి. మిగతావి ఎటు పోయాయి? కొన్ని డెమొక్రాట్ బ్రయాన్ కింగ్‌కు. కానీ పదింట ఒకటికి మించి ఓట్లు అసలు బ్యాలెట్‌లో అచ్చు కాని పేరుకు పడ్డాయి. ప్రైమరీలో కాక్స్ చేతిలో ఓడిపోయిన ఫిల్ లైమన్ పేరును పెన్ను తీసి, ఖాళీ గీత మీద అక్షరం అక్షరం రాసి మరీ వేశారు ఆ ఓటర్లు.

కాక్స్, కింగ్, లైమన్ ముగ్గురిదీ ఒకే చర్చి.